పదమూడో స్థానం కోసం ఆడే అమ్మాయిలు

జూనియర్ మహిళల ప్రపంచ వాలీబాల్ ఛాంపియన్‌షిప్ జరుగుతున్నన్ని రోజులూ నేను ఎక్కువగా చూసేది ఎవరూ చూడని మ్యాచ్‌లే. ఫైనల్ కూడా వదలను. కానీ నాకు అంతకన్నా ఇష్టమైనవి చివరి రెండు మూడు రోజుల్లో, పొద్దున్నపూట, పక్క కోర్టులో, పదమూడో స్థానం కోసమో పందొమ్మిదో స్థానం కోసమో జరిగే మ్యాచ్‌లు. గ్యాలరీలో ఆటగాళ్ల అమ్మానాన్నలు, ఆ రోజు మ్యాచ్ లేని మరో జట్టు, ఇద్దరు ముగ్గురు వాలంటీర్లు ఉంటారు. కోర్టులో మాత్రం పంతొమ్మిది, ఇరవై ఏళ్ల అమ్మాయిలు ప్రాణం పెట్టి ఆడుతుంటారు.

ఈ మ్యాచ్‌లు దండగ అనేవాళ్లు చాలామంది. మెడల్ అవకాశం పోయాక ఇంకా ఆడించడం ఎందుకు, ఓడిన జట్లను ఇంటికి పంపేస్తే ఖర్చు తగ్గుతుంది కదా, టోర్నీ చిన్నదైతే జనం చూస్తారు కదా అంటారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. జూనియర్ టోర్నీలో ఎవరు గెలిచారన్నది ముఖ్యమే. ఎంతమంది అమ్మాయిలు ఎన్ని గట్టి మ్యాచ్‌లు ఆడి ఇంటికి వెళ్లారన్నది అంతకన్నా ముఖ్యం. టోర్నీని నడిపేవాళ్లు, జట్లను పంపే ఫెడరేషన్లు, దాని గురించి రాసేవాళ్లు ఈ రెండో లెక్కను అసలు పట్టించుకోవడం లేదన్నదే నా బాధ.

ముందు కాస్త చరిత్ర. ఈ పోటీ 1977లో బ్రెజిల్‌లో మొదలైంది. తొలి విజేత దక్షిణ కొరియా. నాలుగేళ్ల తర్వాత మెక్సికోలోనూ కొరియాయే గెలిచింది. 1985లో ఇటలీలో క్యూబా గెలిచింది. 1987 నుంచి రెండేళ్లకోసారి జరుగుతోంది. చాలాకాలం ఇరవై ఏళ్లలోపు వాళ్ల పోటీగా నడిచి, 2023 నుంచి ఇరవై ఒక్క ఏళ్లలోపు వాళ్ల పోటీగా మారింది. 2025 ఆగస్టులో ఇండోనేషియాలోని సురబయలో జరిగినప్పుడు జట్ల సంఖ్య 16 నుంచి 24కి పెరిగింది. ఫైనల్లో ఇటలీ జపాన్‌ను ఓడించింది. ఇటలీకి అది మూడో టైటిల్. మొదటి రెండూ 2011లో, 2021లో వచ్చాయి. బ్రెజిల్‌వి ఆరు, అందులో నాలుగు వరసగా 2001, 2003, 2005, 2007లో గెలిచినవి. చైనా, రష్యా, జపాన్, జర్మనీ, డొమినికన్ రిపబ్లిక్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

ఇప్పుడు ఈ జాబితాను సీనియర్ల జాబితా పక్కన పెట్టి చూడండి.

2009లో మెక్సికోలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది జర్మనీ. ఆ తర్వాత 2012, 2016, టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో ఒక్కదానికి కూడా జర్మనీ మహిళల జట్టు అర్హత సాధించలేదు. అమెరికా పద్దెనిమిది, పంతొమ్మిది ఏళ్లలోపు స్థాయిలో టైటిళ్లు గెలిచింది కానీ ఈ టోర్నీని ఒక్కసారి కూడా గెలవలేదు. అదే అమెరికా సీనియర్లు 2008, 2012లో ఒలింపిక్ రజతం, 2016లో కాంస్యం, టోక్యోలో స్వర్ణం, పారిస్‌లో మళ్లీ రజతం తెచ్చారు. సెర్బియా 2018లో, 2022లో సీనియర్ ప్రపంచ ఛాంపియన్. జూనియర్ ప్రపంచ టైటిల్ దానికీ లేదు. 2021 ఫైనల్లో ఇటలీ చేతిలో ఓడింది.

అలాగని రెండింటికీ సంబంధమే లేదని నేననను. క్యూబా 1985లో జూనియర్ టైటిల్ గెలిచాక 1992, 1996, 2000 ఒలింపిక్ స్వర్ణాలు మూడూ దానివే. బ్రెజిల్ నాలుగు వరస టైటిళ్ల తర్వాత బీజింగ్, లండన్ స్వర్ణాలు వచ్చాయి. 2013లో చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నోలో చైనా గెలిచినప్పుడు టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి ఝూ టింగ్. మూడేళ్లకు రియోలో చైనా ఒలింపిక్ స్వర్ణం గెలిచింది, అక్కడా ఉత్తమ క్రీడాకారిణి ఆమే. ఇలాంటి కథలు వినడానికి బాగుంటాయి కాబట్టి అందరూ వాటినే చెబుతారు. జర్మనీ కథ ఎవరూ చెప్పరు.

మరి జూనియర్ టైటిల్ లేకుండానే అమెరికా, సెర్బియా అంత ఎత్తుకు ఎలా వెళ్లాయి? అక్కడి అమ్మాయిలు ఆ వయసులో ఏం చేస్తున్నారో చూస్తే తెలుస్తుంది. అమెరికాలో ఆ వయసు అమ్మాయి కాలేజీ జట్టులో ఆగస్టు చివరి నుంచి డిసెంబర్ దాకా వారం వారం ఆడుతూనే ఉంటుంది. దేశమంతా వందల కాలేజీ జట్లు ఉన్నాయి, కోర్టులో చోటు దొరికే అమ్మాయిలూ వేలల్లో ఉంటారు. సెర్బియాకు చెందిన తియానా బోష్కోవిచ్ పద్దెనిమిదేళ్లకే టర్కీ లీగ్‌కు వెళ్లి పెద్దవాళ్ల మధ్య ఆడింది. పంతొమ్మిదేళ్లకు రియోలో ఒలింపిక్ రజతం అందుకున్న జట్టులో ఉంది. టైటిల్ గెలవడానికీ గెలవకపోవడానికీ అతీతంగా ఈ రెండు దేశాల్లోనూ ఒకటి సమానం. అమ్మాయిలు ఆ వయసులో ఊరికే కూర్చోవడం లేదు, ఆడుతున్నారు.

ఇటలీ ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. 1998లో హూలియో వెలాస్కో అనే కోచ్ చొరవతో అక్కడి ఫెడరేషన్ క్లబ్ ఇటాలియా అనే జట్టును పెట్టింది. దేశమంతటా ఎంపిక చేసిన టీనేజ్ అమ్మాయిలు కలిసి ఉంటూ, చదువుకుంటూ, పెద్దవాళ్ల లీగ్‌లో ఆడతారు. 2015-16 సీజన్‌లో ఆ జట్టు దేశంలోనే అత్యున్నత లీగ్‌లో ఆడింది. గెలిచినవాటి కన్నా ఓడినవే ఎక్కువ. ముప్పై ఏళ్ల అనుభవజ్ఞులు అవతల నిలబడి సర్వీస్ చేస్తుంటే పదిహేడేళ్ల పిల్లలు రిసీవ్ చేయలేక తడబడ్డారు. పాయింట్ల పట్టికలో కింద ఉన్నారని ఎవరూ ఆ జట్టును మూసేయలేదు. ఆ జట్టులోని పావోలా ఎగోను, అలెస్సియా ఓర్రో 2024లో పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. అప్పుడు సీనియర్ జట్టు కోచ్ ఆ వెలాస్కోయే. మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో సీనియర్ ప్రపంచ టైటిల్ కూడా ఇటలీదే. ఆ టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి ఓర్రో, అంటే ఒక సెట్టర్, కొట్టేవాళ్లకు బంతిని లేపి అందించే అమ్మాయి.

సెట్టర్‌కు ఆ అవార్డు రావడం నాకు ప్రత్యేకంగా సంతోషం. ఎందుకో చెప్పాలంటే కోర్టులోకి వెళ్లాలి.

వాలీబాల్‌లో స్పైకర్, అంటే నెట్ మీద నుంచి బంతిని బలంగా కొట్టే అమ్మాయి, ప్రతిభ కంటికి కనిపిస్తుంది. పొడవు, గెంతు, చేతి వేగం కొలవొచ్చు. ఒక అమ్మాయి ఎంత ఎత్తులో బంతిని కొడుతుందో జట్టు జాబితాలో అంకెల్లో రాస్తారు. సెట్టర్ ప్రతిభకు అలాంటి అంకె లేదు. మొదటి బంతి సరిగ్గా నెట్ దగ్గరికి వస్తే ఏ సెట్టరైనా బాగానే కనిపిస్తుంది. జూనియర్ మ్యాచ్‌ల్లో అది అలా రాదు. అవతలి అమ్మాయి చేసిన ఫ్లోట్ సర్వీస్‌లో బంతి తిరగదు, గాలిలో అటూ ఇటూ ఊగుతుంది. రిసీవ్ చేసే అమ్మాయి ఆఖరి క్షణంలో చేతులు పక్కకు జరుపుతుంది. బంతి మూడు మీటర్ల గీత వెనక ఎక్కడో లేస్తుంది. సెట్టర్ పరిగెత్తుకెళ్లి దాని కిందకు చేరేసరికి మధ్యలో ఉన్న మిడిల్ బ్లాకర్‌కు బంతి ఇచ్చే దారి మూసుకుపోతుంది. ఆ సంగతి అవతలి బ్లాకర్లకూ తెలుసు, ఇద్దరు ముందే అంచుకు జరిగి కాచుకుని ఉంటారు. ఇప్పుడు ఎటు? ఎడమ చివర ఉన్న అమ్మాయి గత రెండు బంతులూ బయటకు కొట్టింది, ఆమె మొహం పాలిపోయి ఉంది. మళ్లీ ఆమెకే ఇస్తే ధైర్యం వస్తుందా, ఉన్నదీ పోతుందా? వెనక వరసలో నుంచి ఆపోజిట్‌ను, అంటే సెట్టర్‌కు ఎదురు మూల చోటులో ఆడే స్పైకర్‌ను, పిలవాలా? ఇదంతా ఒక సెకనులో తేలాలి.

ఈ నిర్ణయాన్ని ప్రాక్టీసులో నేర్పలేరు. కోచ్ విసిరే బంతులతో వేలసార్లు సెట్ చేయించవచ్చు, చేతివేళ్లకు పని వస్తుంది. ఎడమ చివరి అమ్మాయి మొహం చూసి నిర్ణయించడం మాత్రం స్కోరు 22-23 ఉన్నప్పుడే వస్తుంది. ఆ స్కోరు ఫైనల్లో వచ్చినా పదిహేనో స్థానం కోసం ఆడే మ్యాచ్‌లో వచ్చినా సెట్టర్‌కు టెన్షన్ ఒకటే.

ఇంకొకటి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక సెట్‌లో ఆరు సబ్‌స్టిట్యూషన్లే ఉంటాయి. అమెరికా మహిళల కాలేజీ ఆటలో పదిహేను దాకా అనుమతిస్తారు. అక్కడ పొడుగు అమ్మాయిని ముందు వరసలో మాత్రమే ఆడించి, వెనక్కి వెళ్లగానే బయటకు తీసుకురావచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఆమె వెనక వరసలోనూ నిలబడాలి, రిసీవ్ చేయాలి, డైవ్ చేయాలి. అవతలి జట్టు అది కనిపెట్టి అదే పనిగా ఆమె మీదికే సర్వీస్ చేస్తుంది. వరసగా అయిదారు పాయింట్లు పోతాయి. కోచ్ ముప్పై సెకన్ల టైమౌట్ తీసుకుంటాడు. మళ్లీ అదే సర్వీస్, మళ్లీ ఆమె మీదికే. జూనియర్ మ్యాచ్‌ల్లో 24-18 నుంచి కూడా సెట్ చేజారడం చాలాసార్లు చూస్తాం. అమ్మాయిలకు నిలకడ లేదు అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. ఇన్నాళ్లూ ఆమెకు ఇవ్వని పని ఇప్పుడు అందరి ముందూ చేయమంటున్నారు. నేర్చుకోవడం అంటే బయటివాళ్లకు అలాగే కనిపిస్తుంది.

2019లో జపాన్ గెలిచిన తీరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఫైనల్లో ఓడించింది ఇటలీని. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి ఇషికావా మయు ఎత్తు 1.74 మీటర్లు. చాలా దేశాల ఎంపిక శిబిరాల్లో ఆ ఎత్తున్న అమ్మాయిని స్పైకర్‌గా చూడను కూడా చూడరు. లిబెరోగా, అంటే వెనక వరసలో డిఫెన్స్ మాత్రమే చేసే అమ్మాయిగా, ఆడతావా అని అడుగుతారు, లేదంటే ఇంటికి పంపిస్తారు. జపాన్‌లో అందరూ చిన్నప్పటి నుంచి రిసీవ్, డిఫెన్స్ నేర్చుకునే పెరుగుతారు కాబట్టి ఎత్తు తక్కువైనా కోర్టులో నిలబడగలిగారు. మహిళల నెట్ ఎత్తు 2.24 మీటర్లు, ఈ జూనియర్లకూ అంతే. నెట్‌ను ఎవరూ తగ్గించరు. ఎవరిని ఎంచుకోవాలన్నది మాత్రం మన చేతుల్లో ఉంది.

సరే, టోర్నీ పద్ధతికి వస్తాను. 2025లో 24 జట్లను ఆరేసి చొప్పున నాలుగు గ్రూపులు చేశారు. ప్రతి జట్టూ గ్రూపులో అయిదు మ్యాచ్‌లు ఆడింది. ఆ తర్వాత పదహారు జట్లు పైకి వెళ్లాయి, మిగిలిన ఎనిమిదీ 17 నుంచి 24 స్థానాల కోసం తలపడ్డాయి. పైకి వెళ్లి అక్కడ ఓడిన జట్లు కూడా తొమ్మిది నుంచి పదహారు దాకా స్థానాలకు ఆడుతూనే ఉన్నాయి. ఏ జట్టూ మధ్యలో సామాను సర్దుకోలేదు. గ్రూపు దశలో అన్నీ ఓడిన జట్టుకు కూడా తన స్థాయి జట్లతో మ్యాచ్‌లు దొరికాయి.

ఈ చివరి వాక్యమే నా వాదనకు ఆయువుపట్టు. బలహీనమైన జట్టు గ్రూపు దశలో చైనాతోనో ఇటలీతోనో ఆడితే 25-9, 25-11 లాంటి సెట్లు వస్తాయి. అందులోనూ కొంత నేర్చుకుంటారు. అవతలి వాళ్లు ఎంత వేగంగా ఆడతారో కళ్లారా చూస్తారు. కానీ ఆ స్కోరులో ఏ నిర్ణయానికీ బరువుండదు. సెట్టర్ ఎవరికి ఇచ్చినా బ్లాక్ అవుతుంది. అదే సమ ఉజ్జీ జట్టుతో ఇరవయ్యో స్థానం కోసం ఆడితే అయిదు సెట్లు, రెండు గంటలు, ప్రతి సర్వీస్‌కూ విలువ. జూనియర్లకు కావలసింది అదే. ఓడిన వెంటనే ఇంటికి పంపే పద్ధతి పెడితే, మ్యాచ్‌లు ఎక్కువ అవసరమైన జట్లకే తక్కువ మ్యాచ్‌లు దొరుకుతాయి. వాళ్ల దేశాల్లో గట్టి లీగులు ఉండవు. ఇటలీ అమ్మాయికి ఈ టోర్నీ కాకపోతే ఇంటి దగ్గర లీగ్ ఉంది. వీళ్లకు ఇదే ఉంది.

జట్లను 24కి పెంచినందుకు స్థాయి పడిపోతుందని కొందరు గొణిగారు. పెద్ద తేడాతో ముగిసిన మ్యాచ్‌లు పెరిగి ఉండవచ్చు, దాన్ని ఒప్పుకోవడానికి నాకేమీ ఇబ్బంది లేదు. పదహారు జట్లే ఉంటే ఎప్పుడూ అవే పదహారు దేశాలు కాస్త అటూ ఇటుగా తిరుగుతుంటాయి. డొమినికన్ రిపబ్లిక్ లాంటి చిన్న దేశం 2009లో రజతం, 2015లో స్వర్ణం గెలిచిందంటే ఎన్నో ఏళ్లపాటు ప్రతి వయసు జట్టునూ ఆడించుకుంటూ వచ్చింది కాబట్టే. తలుపు దగ్గరే ఆపేస్తే అలాంటి దేశం ఇంకొకటి ఎలా పుడుతుంది?

టోర్నీ పద్ధతిని ఇంత మెచ్చుకున్నాను కదా, నాకు దానితో ఉన్న అసలు తగువు ఇప్పుడు చెబుతాను. జట్టుకు మ్యాచ్‌లు దొరుకుతున్నాయి, కానీ జట్టులోని అమ్మాయిలందరికీ దొరకడం లేదు.

ఒక్కో జట్టులో పన్నెండు మంది ఉంటారు. చాలా జట్లలో లిబెరోతో కలిపి ఏడుగురో ఎనిమిది మందో టోర్నీ మొత్తం మోస్తారు. మిగిలిన వాళ్లు వార్మప్ చేస్తారు, టైమౌట్‌లో నీళ్ల సీసాలు అందిస్తారు, పాయింట్ వచ్చినప్పుడల్లా గెంతుతారు. స్కోరు 21-12 ఉన్నప్పుడు సర్వీస్ చేయడానికి ఒకసారి లోపలికి వెళ్లి వస్తారు. రెండో సెట్టర్ పరిస్థితి మరీ ఘోరం. సెట్టర్‌ను మారిస్తే జట్టు లయ దెబ్బతింటుందని కోచ్‌లకు భయం. మెడల్ పోయి, స్థానాల మ్యాచ్‌లు మొదలయ్యాక కూడా ఆ భయం పోదు.

నేను ఆడే రోజుల్లో రెండో సెట్టర్‌నే. పెద్ద స్థాయిలో కాదు, అయినా జూనియర్ జట్టు జెర్సీ వేసుకుని దూర ప్రయాణాలు చేశాను. కప్పు మీద ఆశ లేని మ్యాచ్‌లో కూడా మా కోచ్ నన్ను దింపేవాడు కాదు. "నువ్వు బాగానే చేస్తావమ్మా, కానీ ఇప్పుడు రిస్క్ ఎందుకు" అనేవాడు. ఆ మాటలో దురుద్దేశం లేదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. పై అధికారులకు జవాబు చెప్పాల్సింది ఆయనే. ఏడో స్థానమా ఎనిమిదో స్థానమా అన్నదాని మీద మరుసటి ఏడాది జట్టుకు వచ్చే డబ్బు ఆధారపడి ఉండేది. చివరికి మొదటి సెట్టర్ మోకాలికి దెబ్బ తగిలి నన్ను దింపాల్సి వచ్చినప్పుడు, నా చేతులు బాగానే ఉన్నాయి, కళ్లే ఎటు చూడాలో తెలియక వెతుక్కున్నాయి. అన్నేళ్లు ప్రాక్టీసు చేసినా నేను నిజమైన బ్లాక్‌ను చూసి నిర్ణయం తీసుకున్నది చాలా తక్కువ. ఆ రోజు కోర్టులో నాకు అర్థమైంది ఇదే: నన్ను జట్టులోకి ఎంపిక చేశారు కానీ తయారు చేయలేదు.

ప్రపంచ స్థాయిలో కూడా అదే జరుగుతోంది. అందుకే ఒక నిబంధన కావాలంటాను. ఈ టోర్నీకి పేరు నమోదైన ప్రతి క్రీడాకారిణీ టోర్నీ మొత్తంలో కనీసం ఒక సెట్‌నైనా మొదటి పాయింట్ నుంచి చివరి దాకా ఆడాలి. ఏ మ్యాచ్‌లో అన్నది కోచ్ ఇష్టం. గాయపడితే డాక్టర్ సర్టిఫికెట్ చాలు. ఇది కోచ్ స్వేచ్ఛను హరించడం అని అభ్యంతరం వస్తుందని తెలుసు. సీనియర్ ఒలింపిక్స్‌కు ఇలాంటి నిబంధన పెట్టమని నేను ఎన్నడూ అడగను. వయసు పరిమితి పెట్టిన పోటీ అంటేనే అది నేర్చుకునేవాళ్ల కోసం పెట్టినదని అర్థం. నిబంధన అందరికీ ఒకటే అయినప్పుడు ఎవరికీ అన్యాయం జరగదు. ఇటలీ రెండో సెట్టర్ ఆడాల్సిందే, ఇండోనేషియా రెండో సెట్టరూ ఆడాల్సిందే.

ఈ నిబంధన వల్ల ఇంకో లాభం ఉంది. నా వాదనకు అన్నిటికన్నా బలమైన అభ్యంతరానికి జవాబు కూడా అందులోనే దొరుకుతుంది. పదకొండు రోజుల్లో ఎనిమిదో తొమ్మిదో మ్యాచ్‌లు అంటే పెరుగుతున్న శరీరాలకు చాలా ఎక్కువ. స్పైకర్లు, మిడిల్ బ్లాకర్లు ఒక్కో మ్యాచ్‌లో పదుల సార్లు గెంతుతారు. మోకాళ్లు, చీలమండలు, భుజాలు అరిగిపోతాయి. మ్యాచ్‌లు తగ్గించండి అని ఫిజియోలు అనడంలో న్యాయం ఉంది. అయితే భారమంతా ఆరేడుగురి మీద పడుతున్నప్పుడు మ్యాచ్‌లు తగ్గించడం ఒక్కటే దారి కాదు. పన్నెండు మందీ పంచుకుంటే ఒక్కొక్కరి మీద బరువు తగ్గుతుంది, ఆడేవాళ్లు పెరుగుతారు. తొమ్మిదో రోజున కాళ్లకు టేపులు చుట్టుకుని అదే అమ్మాయి మళ్లీ గెంతుతుంటే, పక్కన తాజాగా ఉన్న అమ్మాయి చప్పట్లు కొడుతూ నిలబడటం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పుట్టిన ఏడాది లెక్క కూడా చూడాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం ఇది పెద్ద అన్యాయంగా అనిపిస్తుంది. 2025 టోర్నీకి 2005 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అర్హులు. 2005లో పుట్టిన అమ్మాయి ఇరవయ్యో ఏట, అంటే ఆ గుంపులో అందరికన్నా పెద్దదిగా ఆడుతుంది. 2006లో పుట్టిన అమ్మాయి పంతొమ్మిదో ఏట ఆడుతుంది. రెండేళ్లకోసారి జరిగే పోటీ కాబట్టి, ఇదే లెక్క కొనసాగితే 2027కి ఆమెకు వయసు దాటిపోతుంది. అంటే 2006లో పుట్టినవాళ్లకు అందరికన్నా పెద్దగా ఆడే అవకాశం ఈ పోటీలో ఎప్పటికీ రాదు. ఆ వయసులో ఒక్క ఏడాది అంటే బలంలో, అనుభవంలో ఎంత తేడానో ఆడినవాళ్లకు తెలుసు.

పంతొమ్మిదేళ్లలోపు పోటీ కూడా బేసి సంవత్సరాల్లోనే జరుగుతుంది కాబట్టి అక్కడా అదే కథ. 2023లో దానికి 2005 నుంచి పుట్టినవాళ్లు అర్హులు. 2005 అమ్మాయికి రెండు చోట్లా పెద్దరికం, 2006 అమ్మాయికి రెండు చోట్లా చిన్నరికం. కోచ్‌లు మెడల్ కోసం సహజంగానే పెద్దవాళ్లను ఎంచుకుంటారు. ప్రతిభలో ఏ తేడా లేని ఒక ఏడాది పిల్లలు శిబిరాల నుంచి మెల్లగా తగ్గిపోతారు. 2024లో పదిహేడేళ్లలోపు అమ్మాయిల ప్రపంచ పోటీ లిమాలో మొదలైంది. అది సరి సంవత్సరంలో వచ్చింది కాబట్టి 2008లో పుట్టినవాళ్లకు అక్కడైనా పెద్దరికం దక్కింది. మంచిదే, అయినా చాలదు. పై స్థాయి పోటీలను ఏటా జరపడం ఖర్చుతో కూడిన పని అని ఒప్పుకుంటాను. కనీసం ప్రతి జట్టులో చిన్న ఏడాది వాళ్లు ఇంతమంది ఉండాలని పెట్టొచ్చు కదా. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇక్కడ కాటెరీనా బోసెట్టి గుర్తొస్తుంది. 2011లో పెరూలో ఇటలీ జూనియర్ టైటిల్ గెలిచినప్పుడు ఉత్తమ క్రీడాకారిణి ఆమే, అప్పటికి పదిహేడేళ్లు. ఒలింపిక్ స్వర్ణం పారిస్‌లో, ముప్పయ్యో ఏట వచ్చింది. మధ్యలో పదమూడేళ్లు. జూనియర్ టోర్నీలో అందరికన్నా గొప్ప అని పేరు తెచ్చుకున్న అమ్మాయికే అంతకాలం పట్టింది. అలాంటప్పుడు అదే టోర్నీలో బెంచీ మీద కూర్చున్న అమ్మాయి గురించి ఇరవై ఏళ్లకే తేల్చేసే హక్కు మనకెక్కడిది? ఆమె శరీరం ఇంకా పూర్తిగా ఎదగలేదు. ఆట చదివే కన్ను ఇంకా తెరుచుకోలేదు. మరో నాలుగేళ్లలో ఏమవుతుందో కోచ్‌కూ తెలియదు, ఆమెకూ తెలియదు.

ఫెడరేషన్ల దగ్గర నేను వినే జవాబు ఒక్కటే: ఫలితం కావాలి, ఫలితం లేకపోతే డబ్బు రాదు. నిజమే. స్థానాన్ని బట్టి నిధులు ఇచ్చే పద్ధతి ఉన్నంతకాలం ఏ కోచ్ అయినా భయపడతాడు, అతన్ని ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు. మరి ఆ నిధులు ఇచ్చేవాళ్లు లెక్కను మార్చవచ్చు కదా. జట్టు తిరిగి వచ్చాక ఎన్నో స్థానం అని అడిగేటప్పుడే పన్నెండు మందిలో ఎవరు ఎన్ని సెట్లు ఆడారో అడగాలి. నాలుగేళ్ల కిందటి జట్టులో ఎంతమంది ఇంకా ఆడుతున్నారో అడగాలి. ఈ వివరాలేవీ రహస్యం కాదు. ప్రతి మ్యాచ్ స్కోరు షీటులో ఎవరు ఏ సెట్ ఆడారో రాసే ఉంటుంది. టోర్నీ ముగిశాక స్థానాల పట్టిక పక్కనే ఆ రెండో పట్టిక కూడా అంతర్జాతీయ సమాఖ్య అచ్చువేస్తే చాలు, వచ్చేసారి జట్టు బయలుదేరే ముందే రెండో సెట్టర్ తల్లి కోచ్‌ను ధైర్యంగా అడగగలుగుతుంది: మా అమ్మాయి ఏ మ్యాచ్ ఆడుతుంది సార్?